అడుగంచు

మైనస్ ముప్పై ఆరు.
కిటికీ అవతల మానిటోబా అంతా
ఇంకా ఏమీ అంటించని పేజీ.
కాఫీ రెండోసారి వేడి చేసుకుని
లాప్‌టాప్ మూత ఎత్తుతాను.

మనవరాలు మార్లీస్ నేర్పింది:
ఇదొక పొర అమ్మమ్మా, దీని మీద ఇంకో పొర,
పైది కిందదాన్ని చెరపదు, దాస్తుందంతే.
డెబ్బై మూడేళ్ళుగా నాకు తెలిసిన సంగతే,
పిల్ల కొత్తగా చెప్పింది.

కత్తెర లేదు, జిగురు లేదు,
పులుసు గరిటె దాకా పాకే మెరుపు పొడి లేదు.
తప్పు చేస్తే వెనక్కి తీసుకునే మీట ఒకటుంది.
దాని మీదే నాకింకా నమ్మకం కుదరలేదు.
నొక్కిన ప్రతిసారీ
ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూస్తాను.

ఈ వారం పేజీ: పందొమ్మిది వందల యాభై ఏడు,
చక్కెర దుంపల తవ్వకం.
చెవుల దాకా టోపీతో తమ్ముడు ఆబ్రామ్.
ముందు పళ్ళు లేని ట్రూడా.
అక్క గౌనులో ఈదుతున్న నేను.
ట్రాక్టరు కింద నుంచి నాన్న బూట్లు, అవి మాత్రమే.
వెనక పరచడానికి అమ్మ ఏప్రన్ స్కాన్ చేశాను.
గళ్ళతో పాటు చోక్‌చెర్రీ మరక కూడా వచ్చింది.
ఉండనిచ్చాను.
చుట్టూ సూది లేని కుట్టు వేశాను.

ఫొటో అడుగున ఒక నల్లటి మచ్చ.
కత్తిరించాను.
చర్చి పిక్నిక్, పుచ్చకాయ, రోల్‌కుఖెన్, అడుగున అదే మచ్చ.
కత్తిరించాను.
గాదె ముందు మంచు మీద, బూడిద రంగులో. కత్తిరించాను.
ఏడో ఫొటో దగ్గర వేలు ఆగింది.
మచ్చకి మోచేతులున్నాయి.
తలగుడ్డ కొస గాలికి లేచి ఉంది.
డబ్బా కెమెరాలోకి చూస్తూ
తల వంగి ఉంది, భోజనానికి ముందు ప్రార్థనలోలా.

గుడ్లమ్మిన డబ్బుతో కొన్నదా కెమెరా.
తాతయ్య సంఘంలో బోధకుడు.
రూపాలు చేసుకోకూడదన్న ఆజ్ఞ
ఆ రాత్రి బల్ల దగ్గర చదివాడు.
రెండుసార్లు, నెమ్మదిగా.
అమ్మ ఏమీ అనకుండా బంగాళాదుంపలు వడ్డించింది.
కెమెరా పిండి డబ్బాలోకి పోయింది,
శనివారం మళ్ళీ బయటికొచ్చింది.
మా బాల్యమంతా కాస్త మసగ్గా ఉంటే
అది గోధుమపిండి.

ఎండని వీపున మోస్తూ నిలబడేది.
అందరి మొహాలూ తీసింది.
తన మొహం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.
తాతయ్యంటే భయమనుకునేదాన్ని.
ఆజ్ఞలో సగమైనా, తన వంతు సగమైనా,
నిలబెట్టుకుందేమో.

వెనక్కి తీసుకునే మీట నొక్కాను.
మళ్ళీ. మళ్ళీ. ఆరుసార్లు.
ఈసారి చుట్టూ చూడలేదు.
మంచు తిరిగొచ్చింది, పిక్నిక్ గడ్డి తిరిగొచ్చింది,
దుంపల మట్టి మీంచి
అమ్మ ఆబ్రామ్ బూట్ల దాకా జరిగింది.

ఫొటోకి నీడ పెట్టమంటారా, అని అడుగుతుంది యంత్రం,
ఎంత ముదురు, ఏ దిక్కున?
వద్దన్నాను.

కింద మాటలు రాసే గడి ఖాళీగా ఉంది.
కీర్తనల్లో రెక్కల నీడ ఉంది గానీ
అంత పెద్ద మాటకి అమ్మ మొహమాటపడుతుంది.
చిన్న అక్షరాల్లో కొట్టాను:
మధ్యాహ్నం నాలుగు కావచ్చు, పొడుగుని బట్టి.

మార్లీస్‌కి పంపాను. నిమిషంలో జవాబు:
భలే ఉంది! కింద ఆ నల్లటిది తీసెయ్యనా?
ఒంటి వేలితో వెతుక్కుంటూ కొట్టాను:
తియ్యకు. తీసింది ఆవిడే.

ఎవరు? అని వచ్చింది.

కాఫీ మళ్ళీ చల్లారింది.
కొత్త పేజీ తెరిచాను.